ఎల్లేశం కలిపిన వరుస

జగిత్యాల ఎల్లేశానికి లోకంలో పరాయివాడంటూ ఎవడూ లేడు, ఉన్నా ఉండనివ్వడు. మనిషి కంటబడితే చాలు, ఏదో ఒక చుట్టరికం తేల్చి, మామనో బావనో మేనల్లుడినో చేసుకున్న తరువాతే వదిలిపెడతాడు. అందుకు మూడు ప్రశ్నలు చాలు: ఏ ఊరు, ఎవరింటివారు, తల్లిగారిది ఏ ఊరు. మూడో ప్రశ్నకు చిక్కకుండా బయటపడ్డవాణ్ణి ఆ జిల్లాలో ఎవరూ ఎరుగరు.

కులవృత్తి కల్లుగీత. ఎల్లేశం మాత్రం తాటిచెట్టు ఎక్కకుండా బస్సెక్కి, కండక్టరుగా పదవీ విరమణ చేశాడు. అతని బస్సు వేళకు చేరిన సందర్భాలేవో చరిత్రకారులే వెతకాలి. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి టికెట్లు చూస్తూ పరధ్యానంగా మూడో ప్రశ్నకు జవాబు చెప్పాడు. ఎక్కినప్పుడు అధికారి, దిగేసరికి మేనబావ. ఇంకోసారి జేబుదొంగ పట్టుబడ్డాడు. ప్రయాణికులు చేతులు సవరించుకుంటుండగా ఎల్లేశం అడ్డం నిలిచి, కొట్టాలనుకుంటే కొట్టండి గాని వరుసకు నాకు అల్లుడవుతాడు, ముఖం మీద మాత్రం వద్దని బతిమాలాడు. ఒకరింటి అల్లుణ్ణి కొట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అల్లుడు కూడా సిగ్గుపడి, ఎవరూ అడగని మరో రెండు పర్సులు తానే తీసి ఇచ్చాడు.

ఇటువంటి మనిషిని సైకిల్ యాత్రలో చేర్చుకోవడం బాలరాజు చేసిన మొదటి పొరపాటు. బాలరాజు విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు. గడియారాన్నీ వ్యాకరణాన్నీ సమానంగా గౌరవించేవాడు. గల్ఫ్‌లో చిక్కుకుపోయినవారి కుటుంబాలకు తోడ్పడడానికి, జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా గుట్టలు దాటి సిరిసిల్ల దాకా ఒక్క పగటిలో సాగే యాత్రను ఆయనే రూపొందించాడు. రెండో పొరపాటు కూడా ఆయనదే. అదేమిటో చందుర్తి చేరేదాకా ఆయనకు తెలియదు.

చందుర్తిలో రజిత అనే ఇల్లాలికి కుట్టుమిషను అందించాలి. ఆమె భర్త మహిపాల్ సిరిసిల్లలో సాంచాలనే మరమగ్గాలు నడిపిన నేతకార్మికుడు. ఆ సాంచాల చప్పుడు ఆగిపోయాక మస్కట్ పోయాడు. అక్కడ కంపెనీ మూతపడింది, కాగితాలు ఎవరి దగ్గరో ఉండిపోయాయి, మనిషి రాలేడు. ఇక రజితే ఇంటిపనికి కువైట్ పోవడానికి ఒప్పుకుంది. కూతురు సృజనను పక్కింట్లో వదిలి వెళ్లాలి. ఇంట్లో మిషను ఉంటే బడిపిల్లల బట్టలు కుట్టే పని ఇప్పిస్తామని మహిళా సంఘం వారు మాట ఇచ్చారు. మిషను అందితే తల్లి ఊళ్లో ఉంటుంది. లేకుంటే విమానం ఎక్కుతుంది.

కోరుట్లలో చాయ తాగడానికి ఆగారు. హోటలు యజమాని ఎల్లేశానికి వియ్యంకుడి వరుస అని తేలేసరికి ఎండ నెత్తికెక్కింది. కథలాపూర్ దాటి గుట్టల దారి మొదలయ్యాక తక్కినవారు పళ్లు బిగించి తొక్కుతుంటే, ఎల్లేశం సైకిల్ దిగి, నడిపించుకుంటూ, ఒక మేకలకాపరితో ముచ్చట్లలో పడ్డాడు. మేకలు రోడ్డు నిండా నిలిచి ఆ ముచ్చట వింటున్నాయి.

"ఎల్లేశం, ఇది యాత్ర. పెండ్లి సంబంధాల వేట గాదు" అన్నాడు బాలరాజు, ఊపిరి అందినంత మేరకు.

"ఈయన మా నాయినమ్మ దిక్కు సారు. లెక్కజూస్తె నాకు తాతైతడు. పాతికేండ్లకే తాత. అదృష్టమంటె గట్లుండాలె."

తాత సిగ్గుతో మెలికలు తిరుగుతున్నాడు. ఆ ముచ్చటను గుట్ట మీదనే వదిలేసి బాలరాజు తక్కినవారితో ముందుకు సాగాడు.

చందుర్తి కూడలిలో జనం గుమిగూడి ఉన్నారు. అది స్వాగతమని బాలరాజు అనుకున్నాడు. పొద్దున్నే మిషనుతోపాటు ఆటోలో వచ్చిన ఫ్లెక్సీని అక్కడ కట్టారు. ఒకవైపు రజిత ఫోటో, మరోవైపు మహిపాల్ ఫోటో. మహిపాల్ ఫోటోకు బంతిపూల దండ, కింద వెలుగుతున్న దీపం.

ఫ్లెక్సీ వేసినవాని తప్పు కొంతే. గల్ఫ్ పోయినవాని ఫోటో అతని దుకాణానికి ఎప్పుడు వచ్చినా ఆ ఒక్క పనికే వచ్చేది. గల్ఫ్ అన్న మాట వినగానే చెయ్యి తనంత తానే దండ వేసింది. ఒక ప్రాంతంలో ఒక చేతికి అటువంటి అలవాటు పట్టుబడేదాకా ఏలినవారిని నిలదీసే మాట బాలరాజు గొంతుదాకా వచ్చింది. కాని అచ్చుకు ముందు ఫోనులో వచ్చిన నమూనాను చూసి సరేనన్నది తానే. అక్షరదోషాలు మాత్రమే వెతికాడు. ఒక్కటీ లేదు.

రజిత తలుపు వేసుకుంది. మిషను వాకిట్లో అనాథలా నిలిచి ఉంది. బాలరాజు ఫ్లెక్సీ విప్పించి, తలుపు ముందు నిలబడి, ఎనిమిది పంక్తుల పొడవున్న ఒకే వాక్యంలో క్షమాపణ చెప్పాడు. లోపలి నుంచి వచ్చిన జవాబు పొట్టిది.

"నా పెనిమిటి నిన్న ఫోన్ జేసి మాట్లాడిండు. మీరు పొద్దుగాల దండేసిన్రు. గా మిషిని నా ఇంట్లకు రాదు, తీస్కపోన్రి."

పక్కింటి నర్సవ్వ నెత్తి కొట్టుకుంది. కువైట్ ఏజెంటు ఇవ్వాళే పాస్‌పోర్టు కోసం వస్తాడని, ఈమె కోపంలో ఇచ్చేస్తుందని చెప్పి బాధపడింది. వేదిక మీద మైకు ముందు గంటసేపు మాట్లాడగల బాలరాజు ఒక చెక్క తలుపు ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

అప్పుడు ఎల్లేశం చేరాడు. నర్సవ్వ చెవిలో చెప్పినదంతా విన్నాడు. మిషను వైపు చూడనైనా చూడకుండా అరుగు మీద కూలబడి, దూపైతున్నది, నీళ్లు కావాలన్నాడు. దూపైన మనిషికి నీళ్లు లేవనే ఇల్లు అక్కడ లేదు. తలుపు జానెడు తెరుచుకొని ఒక చెంబు బయటికి వచ్చింది.

"తల్లిగారిది ఏ ఊరు బిడ్డా?"

రాయికల్ అని, తల్లిదండ్రులు పోయారని, తోడబుట్టినవాళ్లు లేరని తలుపు సందులోంచి సమాధానాలు వచ్చాయి. ఎల్లేశం సారంగాపూర్ మేనత్త నుంచి మొదలుపెట్టి తన చుట్టాలందరినీ ఒక్కొక్కరినే రాయికల్ మీదికి తోలాడు. ఒక్కరూ తగలలేదు. ఇంటిపేరు కలవలేదు. అతని నుదుట చెమట పట్టింది. సైకిల్ వాళ్లు హెల్మెట్లు తీయడం మరిచి చుట్టూ మూగారు.

"మీ అవ్వ పేరేంది?"

"ముత్తవ్వ."

"బీడీలు జేసే ముత్తవ్వనా?"

"ఆఁ."

ఎల్లేశం చెంబు ఠంగున కింద పెట్టాడు. "ముత్తవ్వ నాకు చిన్నమ్మ వరుసైతది. గట్లంటె నువ్వు నా చెల్లెవు. గంత పెండ్లి జేస్కొని అన్నకు ఒక్క మాట చెప్పకపోతివి. గిదేం పద్ధతి?"

తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఆ నింద విని లోపల కూర్చోవడం ఎవరి తరం కాదు. "మేం పద్మశాలోల్లం. మీరెవలు?"

"గౌండ్లోల్లం. ఊరి వరుసకు కులమేమన్న అడ్డమస్తదా? తప్పు జేసి మాట మార్చకు."

"నాకో అన్న ఉన్నడని నాకెవలు చెప్పిన్రు?" అంది రజిత. అనేసి, కోపం మధ్యలోనే నవ్వు తన్నుకొస్తే కొంగు అడ్డం పెట్టుకుంది.

పెండ్లయ్యాక తల్లిగారి తరఫున ఒడిబియ్యం పోశారా అని ఎల్లేశం అడిగాడు. పోయడానికి ఎవరున్నారంది. అతడు బాలరాజు వైపు తిరిగి, శిష్యుడికి పని పురమాయించినట్టు బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి కుడుకలు, రవిక గుడ్డ తెమ్మన్నాడు. బాలరాజు కిరాణా దుకాణానికి సైకిల్ తొక్కిన వేగం ఆనాటి యాత్ర మొత్తానికీ అత్యధికం.

ఒడిబియ్యం పెనిమిటి చల్లగా ఉన్న ఆడబిడ్డకే పోస్తారు. ఆ సంగతి అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. నర్సవ్వ మహిపాల్ కండువా అడిగి తీసుకొని, పీట మీద రజిత పక్కన మడిచి పెట్టింది. కూడలిలో పడ్డ దండ ఇంట్లో తీసేసినట్టయింది. పసుపుబియ్యం ఒడిలో పడుతుంటే రజిత తల వంచుకొని కూర్చుంది. సృజన తండ్రి కండువా జారకుండా పట్టుకుంది.

"మిషిని సారోల్లది గాదు. అన్న చెల్లెకు పెడుతున్నది" అన్నాడు ఎల్లేశం. మిషను తనంత తాను నడిచివెళ్లినట్టు లోపలికి పోయింది.

ఆ వేళకే ఏజెంటు మోటారుసైకిల్ మీద వచ్చాడు. ఎల్లేశం ఆప్యాయంగా ఎదురుపోయి ఏ ఊరని అడగబోయాడు గాని, రజితే లేచి నిలబడింది.

"నేను పోను. మా అన్నలచ్చిన్రు" అంది.

ఏజెంటు వాకిట నిండిన హెల్మెట్లు చూశాడు. ఒక చెల్లెలికి ఇంతమంది అన్నలా అని ఆశ్చర్యపడి, బండి తిప్పుకున్నాడు.

వాళ్లు బయల్దేరుతుంటే రజిత ఒడి పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. "బతుకమ్మ పండుగకు తోలుకపోను రావాలె అన్నా. మరిచిపోయినవనుకో, నేనే అచ్చి కొట్లాడుత" అంది.

సిరిసిల్ల దారిలో, ఆనాడు మొదటిసారి, బాలరాజు ఎల్లేశం పక్కన నెమ్మదిగా తొక్కాడు.

"ముత్తవ్వ నీకు చిన్నమ్మ ఎట్లయితది?"

"నేను ఆమెను చూడనే లేదు సారు."

"మరి బీడీలు జేస్తదని?"

"రాయికల్ల బీడీలు జెయ్యనోల్లు ఎందరు?"

"అంటే అబద్ధమేనన్నమాట."

"బతుకమ్మకు నేను పోయి తోలుకరాకుంటె అబద్ధం."

ఏటా బతుకమ్మకు ఎల్లేశం ఇంట్లో దిగే ఆడబిడ్డల సంఖ్య చూసి బాలరాజు ఇంతమందిని కన్న అతని తల్లి ఓపికకు మనసులోనే దండం పెట్టేవాడు. ఒకరి పోలిక ఒకరికి లేకపోవడం కూడా ఆయనకు వింతగానే ఉండేది. వారిలో ఎక్కువమంది భర్తలు దుబాయిలోనో భివండీలోనో ఉంటారని, వారికి తల్లిగారిల్లంటూ మిగలలేదని ఇప్పుడు గుర్తించాడు.

ఇంతలో ఎల్లేశం ఒక చిక్కు బయటపెట్టాడు. ఇంట్లో భార్య శాంతకు ఈ కొత్త ఆడబిడ్డ సంగతి చెప్పాలి. పోయినేడే ఇక చాలని చేతులు జోడించింది.

"నువ్వు చెప్పు సారు. నీ మాటైతె ఇంటది. నువ్వు దానికి తమ్మునివైతవు గద."

"నేనా? ఎప్పటిసంది?"

"గిప్పటిసంది" అని ఎల్లేశం ముందుకు తొక్కాడు.