చిరుతను చూడని ఇద్దరు

అడవికి పోదాం రమ్మని గంగారాం పిలిచినప్పుడే ముత్యానికి అనుమానం పుట్టింది. పుట్టదా మరి? సూరత్ పక్కన జోల్వాలో ఒకే కార్ఖానాలో ఏళ్ల తరబడి పక్కపక్కన నిలబడి మరమగ్గాలు నడిపిన మనిషి, సరదాకి డుమస్ సముద్రపొడ్డుకైనా ఏనాడూ తోడు రమ్మననివాడు, ఉన్నట్టుండి చాయ్ గ్లాసు చేతికిచ్చి చిరుతపులిని చూసొద్దామంటే ఎవరికి మాత్రం రాదు?

"పులిని చూసుడేంది బావా? గది మనల్ని చూస్తె సాలదా?" అన్నాడు ముత్యం.

"మన వరుసల సాంచెలు నడిపే పోరడు చిరంజీవి ఒక్కటే తీరు పోరుతుండు. మహాల్ దిక్కు అడవి మస్తుంటదట. ఆదివారం ఎట్లాగూ బంద్. శనివారం ఒక్కరోజుకు బద్లీలను పెట్టుకుందాం. నీ సాంచెల మీద మా మేనల్లుడు బుచ్చిరాములు నిలబడ్తడు. నువ్వు ఫికర్ జెయ్యకు."

అదిగో, ఆ మేనల్లుడి మాట దగ్గరే ముత్యం అనుమానం ముదిరింది. సాంచా అంటే వాళ్ల మాటలో మరమగ్గం. సాంచాల మీద బతికేవాడు జ్వరమొచ్చినా సెలవు పెట్టడానికి జంకేది ఈ బద్లీవాడిని చూసే. ఒక్కరోజుకని వచ్చి నిలబడ్డవాడు పని చూసే మాస్టర్ కంటికి చురుగ్గా కనబడితే, తిరిగొచ్చిన మనిషి గుమ్మం దగ్గరే నిలబడాలి. పైగా ముత్యం దగ్గర దాచుకోవాల్సిన సంగతి ఒకటుంది. అతనికి చెవులు పోతున్నాయి.

ఎప్పుడు మొదలైందో అతనికే తెలియదు. సిరిసిల్ల పక్క ఊరి నుంచి మీసాలు రాని వయసులో చిన్నాయన వెంట సూరత్ రైలెక్కి వచ్చినవాడు. అప్పటి నుంచి ఆ మోతలోనే బతుకు. ఇంట్లో భార్య భూదేవి ఏమన్నా వినబడకపోతే, "నోట్లె నోట్లె గొణుగుతవేందే?" అని ఆమె మీదే ఎగిరేవాడు. కార్ఖానాలో మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? ఆ మోతలో చెవులున్నవాడికీ ఏమీ వినబడదు. అందరివీ సైగలే. మీసం మెలేస్తే శేఠ్ వస్తున్నట్టు. అరచెయ్యి బోర్లించి పక్కకి కోస్తే సాంచా ఆగినట్టు. మాటలంటారా, పెదాలు చూసి తెలుసుకోవడమే.

కానీ దారం తెగి సాంచా పాట మారితే నేతగాడికి తెలియాలి. అదే కార్ఖానాలో చెవులు పోయిన సాంబయ్యకు అది తెలియలేదు. బట్టంతా చెడింది. ఆయన్ను తీసుకుపోయి మూలన కండెలు చుట్టే పనిలో కూర్చోబెట్టారు. ఆ మూలకు చూసినప్పుడల్లా ముత్యం తన సాంచాలను ఇంకోసారి తడిమి చూసుకునేవాడు. పక్కన గంగారాం ఎప్పుడు తల తిప్పుతాడో చూసి, తనూ గబుక్కున సాంచా వైపు తిరిగేవాడు. అలా నెట్టుకొస్తున్నాడు.

ఇప్పుడీ అడవేమిటి? అక్కడ మోత ఉండదు. చెవిటివాడెవడో ఇట్టే తేలిపోతుంది. గంగారాం కనిపెట్టేశాడు, నలుగురిలో బయటపెట్టి మేనల్లుడికి సాంచాలు ఇప్పించుకుంటాడు, అంతే! రానంటే ఆ అనుమానమే ఖాయమవుతుంది. సరేనన్నాడు.

శనివారం పొద్దున్నే రెండు మోటారు బళ్లు బయలుదేరాయి. చిరంజీవి బండి వెనక అతని జతగాడు మల్లేష్. ఇద్దరూ సూరత్‌లోనే పుట్టి పెరిగిన పడుచువాళ్లు, ఇంకా చెవులు చెడనివాళ్లు. ముత్యం తెలివిగా గంగారాంని తన బండి ఎక్కించుకున్నాడు.

"ఎడమ అద్దం పలిగింది బావా. ఎనుక లారీ గిట్ల హారన్ గొడ్తె భుజం మీద తట్టు."

గంగారాం అతని పెదాల వైపు చూసి నవ్వి, సరేనని తలూపాడు.

చెరుకు నరికే రోజులు. బార్డోలీ దారి నిండా చెరుకు లారీలూ, ట్రాక్టర్లూ. ముత్యం భుజం తట్టు కోసమే ఎదురుచూస్తూ నడిపాడు. ఒక్కసారైనా తట్టితే ఒట్టు! ఒక లారీ మోకాలికి జానెడు దూరంలోంచి దూసుకుపోయింది. బండి తూలి మట్టిలోకి దిగింది. వెనక కూర్చున్న పెద్దమనిషి ఉలకడు, పలకడు. "ఓరి వీని, పరీక్ష పెడ్తుండు నాకు! సచ్చినా సరే చూద్దామనుకుంటుండు!" అని ముత్యం పళ్లు నూరుకున్నాడు.

వ్యారాలో చాయ్‌కి ఆగారు. ఫర్సాన్ చిరుతిళ్ల దుకాణం అద్దాల బీరువా ముందు ముత్యం నిలబడ్డాడు. ఆ అద్దంలో వెనక ఉన్న ఇద్దరూ కనబడ్డారు. చిరంజీవి తన చెవి మీద వేలుపెట్టి, ఏమిటన్నట్టు గంగారాంని అడుగుతున్నాడు. గంగారాం గాభరాగా ముత్యం వీపు వైపు చూసి, ఊరుకో ఊరుకో అని చెయ్యి ఊపాడు. ఇంకేం కావాలి! ముత్యం చాయ్ సగంలోనే పారబోశాడు. అన్నం పంచుకు తిన్న మనిషి ఇంత పని చేస్తాడా అని ఏడుపొచ్చింది. అయినా బండి ఎక్కాడు. ఇంత దూరం వచ్చాక వెనక్కి పోతే తప్పు ఒప్పుకున్నట్టే.

ఆ రాత్రి మహాల్ దగ్గరి ఊళ్లో పడుకుని, తెల్లారాక జేఠాభాయ్ అనే గామిత్ తెగ మనిషిని వెంటబెట్టుకుని అడవిలోకి నడిచారు. టేకు ఆకులు ఎండి రాలి ఉన్నాయి. జేఠాభాయ్ అందర్నీ ఆపి, మెల్లగా పెదాలు కదిపి హిందీలో చెప్పాడు. చిరుత కంటికి ముందు దొరకదు, దాన్ని చూసిన కొండముచ్చు చెట్టు మీంచి అరుస్తుంది, ఆ అరుపు ఏ పక్క వినబడితే ఆ పక్క చూడండి అని.

అడవిలో కూడా ముత్యం చెవుల్లో సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. ఆ హోరు దాటి ఏ కొండముచ్చు వినబడేను? పాత ఉపాయమే దిక్కు. గంగారాం మొహం చూడాలి. అతను తల తిప్పిన వైపు తనూ తిప్పాలి.

జేఠాభాయ్ చటుక్కున ఆగి చెయ్యెత్తాడు. ముత్యం గంగారాం వైపు చూశాడు. గంగారాం అప్పటికే అతని వైపే చూస్తున్నాడు. రెప్ప వెయ్యడు! ఎట్లా కనిపెడుతున్నాడో చూడు, అనుకుని ముత్యం విన్నట్టు తలూపాడు. గంగారామూ తలూపాడు. ముత్యం తెగించి కుడిపక్కకు తిరిగాడు. గంగారాం ఇంకా హుషారుగా కుడిపక్కకే వేలు చూపించాడు.

కాసేపటికి చిరంజీవి గంతులేస్తూ వచ్చి ముందు నిలబడ్డాడు. "చూసిన్రా కాకా? క్యా చీజ్ హై! ఎంత దర్జాగ నడిచిందో!"

"చూడక? ఏం అరిచింది కొండముచ్చు, చెవులు చిల్లులు పడ్డయి," అన్నాడు ముత్యం.

"అవునవును, కుడి దిక్కు," అన్నాడు గంగారాం.

చిరంజీవి నవ్వు ఆగిపోయింది. "కుడి దిక్కేంది కాకా? ఎడమ దిక్కు, మన ముంగట నుంచే వాగులకు దిగిపోయింది."

పట్టుబడ్డానన్న కోపంతో ముత్యానికి ఒళ్లు మండిపోయింది. మొహం అటు తిప్పుకునే అరిచాడు. "గిందుకేనారా నన్ను దెచ్చింది? నా సాంచెలు నీ మేనల్లునికి ఇప్పిచ్చుకునేటందుకేనా?"

గంగారాం గబగబా చుట్టూ తిరిగొచ్చి, ముత్యం మొహానికి ఎదురుగా నిలబడి, పెదాల మీద చూపు పెట్టి, "ఏందన్నవ్ బావా?" అని అడిగాడు.

ఆ తిరిగి రావడం ముత్యానికి బాగా తెలుసు. భూదేవి పొయ్యి వైపు తిరిగి మాట్లాడినప్పుడల్లా తను చేసే పని అదే. ముత్యం తన చెవిని ముట్టుకుని, అరచెయ్యి బోర్లించి పక్కకి కోశాడు. సాంచా ఆగింది.

గంగారాం ఆ చేతిని చూసి, తన రెండు చెవులూ ముట్టుకుని, రెండు చేతులతో అదే సైగ చేశాడు.

"మరి దారి పొడుగున హారన్లు?" అన్నాడు ముత్యం.

"నీ పెదాల మీద 'అద్దం' ఒక్కటే తెలిసింది. అద్దం జూసుకుంటు నువ్వే నడుపుతనంటున్నవ్ అనుకున్న."

"నువ్వు తడ్తవనుకున్ననురా నేను!"

"బార్డోలీ కాడి నుంచి హారన్ కొడ్తనే ఉన్న," అన్నాడు చిరంజీవి, ఇద్దరికీ కనబడేలా ఎదురుగా వచ్చి. "వ్యారాలో గంగారాం కాకాను గదే అడిగిన, నీకు వినబడ్తలేదా అని. ముత్యం కాకాకు చెప్పకు అన్నడు."

ముత్యం అక్కడే ఆకుల మీద కూలబడ్డాడు. చెరుకు లారీల మధ్య నుంచి అంత దూరం ఇద్దరు చెవిటివాళ్లు ఒకరి చెవులు ఒకరు నమ్ముకుని వచ్చారు.

"బుచ్చిరాములు సంగతేంది మరి?" అని అడిగాడు చివరికి, సిగ్గు విడిచి.

"ఎవన్నో నిలబెడ్తె నీ సాంచెలు పోతయని నా మనిషిని పెట్టిన. నువ్వు పక్కన లేకుంటె నాకు గడవదు బావా. నీ మొకం జూసే గదా నేను సాంచె ఆపేది."

"నీ సాంచెల మీద ఎవరున్నరు?"

"మాస్టర్ ఎవన్నో పెట్టిండు," అన్నాడు గంగారాం, అదేమంత పెద్ద సంగతి కానట్టు.

తిరుగు దారిలో చిరంజీవి వెనక ముత్యం, మల్లేష్ వెనక గంగారాం కూర్చున్నారు.

సోమవారం పొద్దున బుచ్చిరాములు ముత్యం సాంచాలు తుడిచి అప్పజెప్పి పోయాడు. గంగారాం సాంచాల దగ్గర మాత్రం కొత్త మనిషి కదల్లేదు. సాంబయ్య కూర్చునే మూలకు మాస్టర్ చెయ్యి చూపిస్తున్నాడు. గంగారాం ఎప్పటిలాగే ఏమిటన్నట్టు ముత్యం మొహంలోకి చూశాడు.

ముత్యం తన సాంచాలలో సగం ఆపేశాడు. నడిచే సాంచా ఆగితే మాస్టర్ ఉరికి రాకుండా ఉంటాడా? వచ్చాడు. చెవులు పోవడం మొదలైనప్పటి నుంచి గొంతు ఎక్కడ పెరుగుతుందోనని భయపడి కార్ఖానాలో నోరే విప్పని ముత్యం, గంగారాం చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి తన సాంచాల ముందు నిలబెట్టి అరిచాడు.

"గివి ఇద్దరివి! ఇద్దరం కలిసి నిలబడ్తం! మూలకు పంపితె ఇద్దర్నీ పంపుండ్రి!"

ఆ అరుపు మోతను దాటి ఆ చివరి వరుస దాకా పోయిందట. మాస్టర్ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, మొహం పక్కకు తిప్పుకుని ఏదో అని వెళ్లిపోయాడు.

"ఏమన్నడు బావా?" అని గంగారాం ఆత్రంగా అడిగాడు.

"నాకేమెర్క? నేనేమన్న ఇన్ననా?" అన్నాడు ముత్యం. "నువ్వు సాంచె సురువు జెయ్యి."