బకెట్ మీద ఎర్ర గుర్తు

దేశసమస్యలన్నీ పక్కనబెట్టి ఒక బకెట్ గురించి రాస్తున్నందుకు మేధావులందరికీ సాష్టాంగ క్షమాపణలు.

ఈ రోజు అంగళ్లు అనే ఊళ్లో, మా కాలేజీ అమ్మాయిల హాస్టల్ గేటు దగ్గర కొత్తవాళ్ల సామాన్లు దించుతున్నాను. కుప్పం వైపు నుంచి గొర్రెలు కాసే ఒకాయన కూతుర్ని చేర్పించడానికి వచ్చాడు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఆయన సంచిలోంచి గొర్రెలకు గుర్తు వేసే ఎర్రరంగు డబ్బా తీసి, ఆమె పెట్టెకూ బకెట్‌కూ పూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

“యాల నాయనా, అందరూ సూస్తాండారు,” అంటూ ఆ పిల్ల కళ్లనీళ్లతో, చున్నీతో తుడవబోయింది.

“ఉండనీమ్మా. వెయ్యి బకెట్లలో కలిసినా నీది నీకి తెలస్తాది,” అన్నాడాయన.

కాసేపటికి ఆమె తుడవడం మానేసి నవ్వింది. నేనేదో ఉపన్యాసం దంచానని మావాళ్లు ప్రచారం చేస్తున్నారు, నమ్మకండి. మీ సామాన్ల మీద మీవాళ్లు ఏం రాసి పంపారో కామెంట్లలో చెప్పండి.

మా ఇంట్లోనూ మొదట కాలేజీకి వచ్చింది నేనే. నేను చేసిందల్లా, నా బ్యాగు తెచ్చి ఆయన ముందు పెట్టి, “నాకీ ఒకటెయ్యప్పా,” అనడమే.