పొగ లేవని పొద్దులు

నిన్న పొద్దున కరీంనగర్‌లో నా ఫోను ఒక హెచ్చరిక చూపించింది: గాలి బాగాలేదు, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు బయటికి వెళ్లొద్దని. చదువుతుంటే మా మేనత్త గుర్తొచ్చింది. గోదావరి పక్కన బొగ్గుగనుల కాలనీలో, మా క్వార్టరుకు రెండిళ్ల అవతల ఉండేది. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. చలికాలం మంకీ టోపీ పెట్టుకుని వాకిట్లో నిలబడి, కూరలో ఉప్పు చూసినట్టు గాలిని చూసేది. కొన్ని పొద్దులు మంచు కమ్మి, ఆకు కూడా కదలక, పొయ్యిల పొగ, బొగ్గు దుమ్ము పైకి లేవకుండా నేలబారుగా పరుచుకునేవి. అలాంటి రోజు పిట్టలు కూడా కూసేవి కావు. అత్త ఒక్కతే వీధిలో నడిచి, ముసలివాళ్ల ఇళ్ల ముందు ఆగి గేటు గొళ్లెం కొట్టేది. ఆ మంచులో ముందు చప్పుడు వినిపించేది, మనిషి తర్వాత కనిపించేది.

ఒకనాడు ఎదురింటి తాతను ఆపింది. ఆయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి.

“తాతా, ఇయ్యాల నడువ పోకు. గాలి మంచిగ లేదు.”

“నలభై ఏండ్లు బాయిల దిగిన బిడ్డా. గీ పొగ నన్నేం జేస్తది?” అని నవ్వి, కర్ర ఊపుకుంటూ వెళ్లాడు.

ఎండ పొడిచేలోపు ఇద్దరు ఆయనను మోసుకొచ్చారు. చెయ్యి ఛాతీని పట్టుకునే ఉంది. మధ్యాహ్నానికి పోయాడు.

ఆ తర్వాత వీధి మారిపోయింది. అత్త నోరు మంచిది కాదన్నారు. గొళ్లెం చప్పుడు వింటే ఇళ్లలో మాటలు ఆగిపోయేవి, ఎవరూ తలుపు తీసేవారు కాదు. నిజానికి నేనూ భయపడ్డాను. నీకెట్ల తెలుస్తదని ఒకసారి అడిగాను. “తెలుసుడేంది బిడ్డా. ముందుగాల నాకే దమ్మొస్తది, ఊపిరాడది,” అంది. అందులో మాయేమీ లేదు. అయినా నా భయం పోలేదు. కొన్నాళ్లకు ఆమె వీధిలోకి రావడమే మానేసింది.

మరుసటి చలికాలానికి మా బాపు గుండెకు స్టెంటు వేశారు. ఒక పొద్దున ఆయన పాలకని స్కూటరు తీస్తుంటే, పొగమంచులోంచి అత్త వచ్చి గేటు దగ్గర నిలబడింది. గొళ్లెం కొట్టలేదు. ఊచలు పట్టుకుని నిలబడింది, భుజాలు ఎగిసిపడుతున్నాయి. మా అమ్మ ఎదురెళ్లి, “నీ కాళ్లు మొక్కుత, గా మాట అనకు,” అంది. అత్త అనలేదు. అనడానికి ఊపిరి లేదు. బాపు ఆమెను చూసి స్కూటరుకు స్టాండు వేశాడు. “ఇయ్యాల పోను తియ్ చెల్లె. లోపలికి రా.”

ఆ పూట వెనక వీధిలో ఇద్దరిని ఆసుపత్రికి తీసుకుపోయారు. మధ్యాహ్నం అత్తనూ చేర్చాం. నాలుగో రోజు పోయింది. మమ్మల్ని ఆపడానికి ప్రతిసారీ తానే ఆ గాలిలో నడిచి వచ్చేదని అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు.

బాపు ఇంకా ఉన్నాడు. పోయిన ఏడాదితో నేను అత్త వయసు దాటాను. కాలం నన్ను ఆమెకన్నా పెద్దదాన్ని చేసింది గానీ, ఆమెను తలుచుకున్నప్పుడు మాత్రం ఇంకా చిన్నదాన్నే అనిపిస్తుంది.