రత్నరాజన్నయ్య రన్నింగ్ కామెంటరీ

మా రత్నరాజన్నయ్య కంటితో చూసినదాన్ని నోటితో చెప్పకుండా వదలడు. ఆయనకి షుగర్ లేదు, బీపీ లేదు. ఉన్నదల్లా కామెంటరీ.

దేశం కాని దేశంలో, మేముండే బాతెల్ ఊళ్ళో మా తెలుగు చర్చికి వచ్చేవాళ్ళందరం ఆ కామెంటరీ బాధితులమే. ఆరాధన అయ్యాక పెట్టే ప్రేమవిందు లైన్లో ఆయన నా వెనకాల నిలబడ్డాడంటే నా పని అయిపోయినట్టే.

"కాలేబు ప్లేటు తీసుకున్నాడు... పప్పు వైపు చూశాడు, లెక్కచెయ్యలేదు... బిర్యానీ దగ్గరికొచ్చేశాడు... ఒక ముక్క... ఇంకో ముక్క... ఆయ్, గరిటె ఇంకా లోపలే ఉందండీ!"

హాలంతా నా ప్లేటు వైపు తిరిగేది. డైటింగ్ చేస్తున్నానని మా ఆవిడకిచ్చిన మాట ఆ గరిటెతోపాటే మునిగిపోయేది.

ఒకసారి మా స్నేహితుల పాప అనిక తొలి అడుగులు వేస్తోంది. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. "లేచింది! సోఫా వదిలేసింది! ఎవరి సాయమూ లేదు!" అని అన్నయ్య ఒక్క కేక పెట్టాడు. పిల్ల బెదిరి కూలబడింది. ఆ తర్వాత చాలా రోజుల దాకా ఆయన గుమ్మంలో కనిపిస్తే చాలు, పాకుతూ పారిపోయేది. ఆఫీసులో ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. "లోడ్ అవుతోంది... అవుతోంది... ఆగింది!" వినలేక చుట్టుపక్కలవాళ్ళంతా ఖరీదైన హెడ్‌ఫోన్లు కొనుక్కున్నారు.

ఆయన భార్య మణి వదిన ఒక బయోటెక్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. అవసరమైతే తప్ప మాట్లాడదు. "నా వాటా మాటలు కూడా ఈయనే వాడేసుకున్నారు కాలేబూ" అంటుంది. పదిహేనేళ్ళ కూతురు పర్సిస్ తండ్రితో బజారుకెళ్తే ఎవరో తెలియనట్టు దూరంగా నడుస్తుంది.

"డాడ్, ప్లీజ్! ఎందుకు అన్నీ చెప్తావ్? అందరికీ కల్లు ఉంది కదా!"

"కల్లు కాదమ్మా, కళ్ళు. కల్లుంటే పాస్టరు గారు ఊరుకోరు."

వీళ్ళ పక్కింట్లో డెక్లన్ గారుంటారు. ఎనభై దాటిన ఐరిష్ పెద్దమనిషి. ఎప్పుడో కుర్రతనంలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. భార్య నోరా గారు పోయాక ఒక్కరే ఉంటున్నారు. ఏటా జులైలో ఆయనకొక పండగ, వాళ్ళ దేశపు గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్. మనకి జిల్లాలున్నట్టు వాళ్ళకి కౌంటీలు, ఒక్కో కౌంటీకి ఒక్కో టీమ్. ఈసారి ఆయన పుట్టిన రాస్కామన్ ఎన్నాళ్ళకో ఫైనల్‌కి చేరింది. ఎదుటి టీమ్ గాల్వే, అంటే నోరా గారి పుట్టిల్లు. ఆయన ఫోన్‌లో చిన్నపిల్లాడిలా ఊగిపోతూ అందర్నీ రమ్మన్నారట. నన్ను కూడా రమ్మని అన్నయ్య లాక్కుపోయాడు.

మ్యాచ్ మన టైమ్‌కి ఆదివారం పొద్దున్న ఏడున్నరకి. "పదిన్నరకి ఆరాధన. ఆలస్యమైతే ఊరుకోను" అని వదిన ముందే చెప్పేసి, ఇడ్లీలూ అల్లం పచ్చడీ సర్దుకొచ్చింది. డెక్లన్ గారు పసుపు, నీలం రంగుల కండువా మెడలో వేసుకుని, గోడంత టీవీ ముందు పడక కుర్చీలో కూర్చున్నారు.

ఆ ఆట నాకు కొత్త. బంతిని చేత్తో పట్టుకుంటారు, కాలితో తంతారు, పిడికిలితో గుద్దుతారు. రెండు గడల మధ్య అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలో పడితే మూడు. నాకు అర్థమైంది ఇంతే. అన్నయ్యకి ఇంతకంటే ఎక్కువ తెలుసనుకోను. అయినా విజిల్ ఊదగానే మొదలెట్టాడు. ఆయన ఇంగ్లీషు మైదానం మధ్యదాకా వెళ్ళి అక్కణ్ణుంచి తెలుగులోకి తిరిగి, గోల్ దాటాక మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చేది.

"ఎల్లో షర్ట్ హాజ్ ద బాల్! రన్నింగ్, రన్నింగ్, లెఫ్ట్ సైడ్... ఎర్రచొక్కావోడు అడ్డమొచ్చాడండీ! తప్పించుకున్నాడు, తన్నాడు, పైనుంచి పోయింది! వైట్ కోట్ డాక్టర్ ఈజ్ వేవింగ్ ద ఫ్లాగ్!"

"డాక్టర్ కాదు రత్నం, అంపైర్" అన్నారు డెక్లన్ గారు నవ్వుతూ.

రెండో సగంలో ఆట బిగిసింది. అన్నయ్య గొంతు కూడా పెరిగింది. చివరికి మణి వదిన ఓపిక నశించింది.

"ఏవండీ! ఆ పెద్దాయన ఊరి టీమ్ ఇన్నాళ్ళకి ఫైనల్‌కొస్తే ఒక్క పూటైనా ప్రశాంతంగా చూడనివ్వరా? టీవీలో వాళ్ళు చెప్తున్నారుగా! మీరు కాసేపు నోరు మూసుకోండి."

అన్నయ్య వదిన వైపు చూశాడు, డెక్లన్ గారి వైపు చూశాడు. ఏదో చెప్పబోయి మానేశాడు. నేనెరిగి మొదటిసారి ఆయన నోరు మూతపడింది.

వదిన ఇడ్లీ ప్లేటు డెక్లన్ గారి ముందుకి చాపింది. అదే క్షణంలో పసుపు చొక్కా కుర్రాడొకడు గోల్ మీదకి గట్టిగా తన్నాడు. బంతి గడకి కొట్టుకుని వెనక్కొచ్చింది. స్టేడియం హోరులో టీవీవాళ్ళ మాటలు వినబడలేదు. హోరు తగ్గాక వాళ్ళు ఆ కుర్రాడి తాతగారి గురించి చెప్పడం మొదలెట్టారు. తెరమీద మాత్రం అదే బంతి, అదే గడ, నింపాదిగా మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది.

"రత్నం, లోపలికి వెళ్ళిందా?" అని అడిగారు డెక్లన్ గారు మెల్లగా.

ఆయన చెయ్యి ప్లేటుకి బెత్తెడు పక్కన గాల్లో ఇడ్లీ కోసం వెతుకుతోంది.

పర్సిస్ నా మోచెయ్యి పట్టుకుంది. "అంకుల్, హీ కాంట్ సీ" అంది, గుసగుసగా.

వదిన ప్లేటుని కొంచెం జరిపి ఆయన వేళ్ళకి ఆనించింది. తర్వాత గొంతు సవరించుకుని, జీవితంలో మొదటిసారి కామెంటరీ మొదలుపెట్టింది. శుభ్రమైన ఇంగ్లీషులో, ల్యాబ్ రిపోర్టు చదివినట్టు.

"లేదండీ. బంతి కుడి గడకి, నడుమెత్తులో తగిలి వెనక్కి వచ్చింది. ఇప్పుడు గాల్వే గోల్‌కీపర్ చేతిలో ఉంది. మీవాళ్ళు ముగ్గురు దగ్గర్లో ఉన్నారు. ఒకరు సరైన స్థానంలో లేరు."

డెక్లన్ గారు కుర్చీలో ముందుకి వంగారు. "రత్నం, ఇన్నాళ్ళూ ఈవిడని ఎక్కడ దాచావు?"

"మణీ, మరీ అంత చప్పగానా?" అని అన్నయ్య లేచాడు. "కొంచెం ఉప్పుకారం పడాలి!"

అక్కణ్ణుంచి ఇద్దరూ కలిసి చెప్పారు. ఆవిడ బంతి ఎక్కడుందో చెప్తే ఆయన అది ఎంత బాధలో ఉందో చెప్పాడు. చివరి నిమిషంలో రాస్కామన్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది. వాళ్ళకి ఫ్రీ కిక్ దొరికింది. కుర్రాడు తన్నాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని సైగలు చేసుకున్నారు.

పర్సిస్ వెళ్ళి ఆయన కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన చెయ్యి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిన్న సందు పెట్టింది. "ఇట్ వెంట్ వైడ్, మిస్టర్ డెక్లన్. జస్ట్ దిస్ మచ్."

ఆయన ఆ సందుని కాసేపు అలాగే పట్టుకున్నారు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వారు. "నోరా ఉండుంటే ఈ వారమంతా నన్ను ఇంట్లో బతకనిచ్చేది కాదు!"

అందరం వాళ్ళ కార్లో చర్చికి వెళ్తుంటే వదిన అన్నయ్యని అడిగింది. "ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"పోయినేడు ఆయన ఇంటిముందున్న మన మెయిల్‌బాక్స్ స్తంభానికి గుడ్ మార్నింగ్ చెప్పారు. దాన్ని నేననుకున్నారు. నేను చప్పుడు చెయ్యకుండా దాని వెనక్కెళ్ళి గుడ్ మార్నింగ్ అన్నాను."

"డాక్టర్‌కి చూపించారా?"

"నేనే తీసుకెళ్తున్నాను. ఇంక పెద్దగా లాభం లేదన్నారు. దారిపొడుగునా నేను చెప్తుంటాను, ఆయన వింటుంటారు."

"నాకొక మాట చెప్పొచ్చుగా! అనవసరంగా నోరు మూయించాను."

"ఆయన ఎవరికీ చెప్పుకోలేదు కదా మణీ. మనమెందుకు చెప్పాలి? టీవీవాళ్ళు కళ్ళున్నవాళ్ళకి చెప్తారు. నేనంటే మామూలుగానే వాగుతాను కాబట్టి ఎవరూ అనుమానించరు."

ఆయన డ్రైవ్ చేస్తుంటే వదిన ఆయన చేతిమీద చెయ్యి వేసింది. అన్నయ్య వెంటనే "మణి చెయ్యి వేసింది..." అని మొదలెట్టాడు. వెనక సీట్లోంచి పర్సిస్ "డాడ్!" అని అరిచింది.

మొన్న సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి అన్నయ్యా వదినా డెక్లన్ గారి వరండాలో ఆయనకి చెరోపక్కా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. చూడ్డానికి ఏ మ్యాచూ లేదు. ఎదురుగా ఉన్నది వీధి మాత్రమే. ఒక కారు వెళ్ళింది.

"బూడిదరంగు కారు, రాకెట్‌లా దూసుకుపోయింది!" అన్నాడు అన్నయ్య.

"నీలం రంగు. మామూలు స్పీడే" అంది వదిన.

"బూడిదరంగే!"

"నీలం!"

నన్ను సాక్ష్యానికి పిలిచేలోపే డెక్లన్ గారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపారు.

"నీలమే" అన్నారు, గంభీరంగా. "నేను కళ్ళారా చూశాను."