దారం కోసిన చేయి

ఇరవై ఆరేళ్ళుగా ఆ గ్రంథాలయంలో అందరికంటే ఎక్కువ పుస్తకాలు చదివిన మనిషికి ఆ గ్రంథాలయంలో సభ్యత్వం లేదు. అడిగితే కాదన్నారని చెప్పడానికి కూడా వీల్లేదు. అడగవచ్చునన్న ఊహే ఆమెకు రాకుండా చేశారు. ఇది అన్యాయం.

ఆమెను అందరూ అట్టలక్క అంటారు. చిరిగిన పుస్తకాలను విప్పి, కుట్టి, కొత్త అట్టలు కట్టడం ఆమె పని. మెట్ల కింద, నిటారుగా నిలబడితే నెత్తి తగిలే గది ఆమెది. అందులో ఒక బల్ల, పుస్తకాలు అదిమే చెక్క ప్రెస్సు, జిగురు గిన్నె, మైనం పూసిన దారపు ఉండలు. గోడ మీద పసుపుబారిన నోటీసు: "మరమ్మతు గదిలో పుస్తక పఠనం నిషిద్ధం."

ఆ నోటీసు ఆమె కోసమే పుట్టింది. పనిలో చేరిన మూడో నెలలో, పుటలు వరుసలో ఉన్నాయో లేదో చూసుకుంటూ చూసుకుంటూ ఆమె కథలో పడిపోయింది. అప్పటి అధికారి వెనకనుంచి వచ్చి, హాలులో ఉన్నవాళ్ళందరూ వినేలా, "నిన్ను పెట్టుకున్నది కుట్టడానికమ్మా. చదివేవాళ్ళు అటు కూర్చుంటారు," అన్నాడు. అటు కూర్చున్నవాళ్ళు నవ్వారు. మర్నాటికి నోటీసు అంటించారు. అంటించడానికి జిగురు కూడా ఆమె గిన్నెలోదే.

ఆమె చదవడం మానలేదు, చాటుగా చదవడం నేర్చుకుంది. సోమవారం ఉదయం బీరువాల మధ్య తిరిగి, కుట్టు వదిలిన పుస్తకాలను ఏరుకు రావడం ఆమె పనిలో భాగం. ఒక్కొక్కటీ మరమ్మతు రిజిస్టరులో ఎక్కాలి. చిరగని పుస్తకం మెట్ల కిందికి రావడానికి వీల్లేదు. అందుకని, మనసుపడ్డ పుస్తకం కనిపిస్తే అట్టలక్క అటూ ఇటూ చూసి, కొంగుచాటున బ్లేడు తీసి, లోపలి కుట్టుదారం ఒక్కచోట పుటుక్కుమనిపించేది. అంతే, ఆ పుస్తకానికి ఆమె గదిలో నాలుగు రోజుల విడిది.

పదహారు పుటలు ఒక కట్ట. ఏ కట్ట చేతికొస్తే ఆ కట్టే చదివేది. ఏదో దీవిలో ముప్పై ఏళ్ళు మంత్రసానితనం చేసిన ఒకావిడ జీవితకథ ఈమధ్యనే మూడోసారి చదివింది. మొదటిసారి మాత్రం ఆవిడ ముసలితనం ముందు తెలిసింది, పుట్టుక తరవాత తెలిసింది. గాలుల మీద ఎవరో శాస్త్రవేత్త రాసిన లావుపాటి పుస్తకంలో సగం అర్థం కాలేదు. అర్థం కాని సగం కోసమే మళ్ళీ దారం కోసింది. ఇది చదవడం కిందికి రాదని ఆమె గట్టి నమ్మకం. చెల్లెలి కూతురు, "పెద్దమ్మా, నువ్వు ఈమధ్య ఏం చదివావే?" అని నలుగురిలో అడిగితే చెవులు ఎర్రబడి, "నాకు చదువేమిటే, సూదీ దారం తప్ప!" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ గిన్నెలు తోముతూ, ఆ మంత్రసానిని తానే గుమ్మంలోంచి గెంటేసినట్టు బాధపడింది.

గడచిన మంగళవారం కొత్త అధికారిణి ఒక జాబితా తెచ్చి బల్ల మీద పెట్టింది. కార్యవర్గం ఆమోదించిన జాబితా, కింద అయిదు సంతకాలు. అయిదేళ్ళుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్ళకపోయినా, ఒకటికి రెండుసార్లు మరమ్మతుకు వచ్చినవి కాగితపు మిల్లుకు పంపాలట. మొత్తం నలభై ఒకటి.

"అట్టలక్కా, వీటి అట్టలు ఊడదీసి ఉంచు. శనివారం బండి వస్తుంది."

"వీటికేమైందమ్మా?"

"ఏమవుతుంది? ముట్టుకునే నాథుడు లేడు, కుట్లు మాత్రం నిలవవు. విచిత్రం కాదూ?"

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు అట్టలక్క చెల్లెలి మొగుడే. ఊరుకోలేదు. "మా వదిన హస్తవాసి మేడమ్! ఆవిడ కుట్టిన గుండీ నా చొక్కాకి సాయంత్రం దాకా ఉంటే గొప్ప!"

అధికారిణి నవ్వింది. అట్టలక్క కూడా నవ్వింది. వాళ్ళు వెళ్ళాక జాబితా చదివింది. మంత్రసాని ఉంది. గాలులున్నాయి. నలభై ఒకటీ ఆమె దారం కోసినవే. ఎంత ఇష్టపడితే అన్నిసార్లు కోసింది. ఎన్నిసార్లు కోసిందో రిజిస్టరులో అన్నిసార్లూ ఉంది. పుస్తకం ఇంటికిచ్చిన తేదీలు వేసే స్లిప్పు మీద మాత్రం ఆమె చదివిన ఆనవాలు ఒక్కటీ లేదు. ఆ పుస్తకాల పీకల మీదికి తెచ్చింది తన చేయే. అట్ట ఊడదీయడానికి పట్టుకున్న బ్లేడు బల్ల మీద పెట్టేసింది.

బుధవారం ఉదయం అధికారిణి గదికి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అవి నేను చదివానమ్మా."

"ఏవి?"

"నలభై ఒకటీను. కొన్ని మూడేసిసార్లు."

"నీకు సభ్యత్వ కార్డు లేదుగా?"

"లేదు. అందుకే స్లిప్పుల మీద తేదీల్లేవు."

"మరి ఆ చిరగడం?"

అట్టలక్క నేల చూసింది. "చదవాలనిపించినప్పుడల్లా దారం నేనే కోశాను. నా కుట్టు నాసిరకం కాదమ్మా. నా బుద్ధే నాసిరకం."

అధికారిణి పెన్నుకు మూత పెట్టేసింది. "ఈ మాట నాకెందుకు చెప్పావక్కా! విన్నాక రాయకుండా ఎలా ఉండను?"

బయట మరిది అడ్డం వచ్చాడు. "ఎందుకు వదినా, గుట్టుగా ఊరుకుంటే పోయేదిగా!"

"పోయేది. అవి పోయేవి," అంది.

గురువారం తాఖీదు వచ్చింది: "గ్రంథాలయ ఆస్తికి ఉద్దేశపూర్వకంగా నష్టం కలిగించినందుకు సంజాయిషీ చెప్పవలెను." ఆమె సంజాయిషీ మూడే వాక్యాలు: "చేసినది తప్పు. సిగ్గుపడుతున్నాను. శిక్ష నాకు వేయండి, పుస్తకాలకు వద్దు." రెండింటి నకళ్ళూ, మరమ్మతు రిజిస్టరు పుటల నకళ్ళూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి; కాదనదలచినవారు వచ్చి చూసుకోవచ్చు.

దారం కోయడం తప్పే. దానిని ఇక్కడ ఎవరూ సమర్థించడం లేదు. కానీ కార్యవర్గ సభ్యులారా, పుస్తకాలు పాడుచేశావని నిలదీసిన మీ తాఖీదులో, ఎన్ని చదివావన్న ప్రశ్న ఎక్కడ? జాబితా మీద సంతకాలు పెట్టిన అయిదుగురిలో ఎవరైనా ఆ నలభై ఒకటిలో ఒక్కటి తెరిచి చూశారా? పుస్తకం చదవాలంటే దాన్ని ముందు గాయపరచవలసిన గతి ఒక మనిషికి పట్టించినవారు ఏ సంజాయిషీ ఇస్తారు?

బండి శనివారం వస్తుంది. ఆ లోపల జాబితా రద్దు చేయండి. ఆమె పేరు మీద కార్డు రాయండి. నలభై ఒక్క స్లిప్పుల మీదా ఆమె చదివినట్టు తేదీలు వేయండి. ఆ తరవాత మెట్ల కిందికి, తలలు వంచుకొని, మీరు అయిదుగురూ వెళ్ళి, ఆ నోటీసును మీ చేతులతో ఊడదీయండి.