గున్నమ్మ గారి సొరుగు తాళం

నిన్న పొద్దున క్లినిక్ తలుపు తీస్తుంటే ఫోన్ వచ్చింది. నూజివీడులో డాక్టర్ గారు అద్దెకుండే ఇంటి ఓనర్ ఆంటీ.

"అమ్మాయ్ సుజాతా, మేడమ్ కాఫీకి కిందకి రాలేదమ్మా. వెళ్ళి పిలిస్తే లేవట్లేదు. నువ్వు తొందరగా రా."

ఆగిరిపల్లి నుంచి నూజివీడు దాకా స్కూటీ ఎలా నడిపానో నాకే తెలియదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. నమ్మలేదు. చెయ్యి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది.



ఏడుపు కంటే ముందు నాకు భయం వచ్చింది. ఎందుకో చెప్పడానికే ఈ పోస్ట్.

తెలియని ఫ్రెండ్స్ కోసం. ఆవిడ పేరు డాక్టర్ గున్‌వోర్. మా వాళ్ళకి నోరు తిరగక గున్నమ్మ గారు అయిపోయారు. అందరూ స్వీడన్ ఆవిడ అనుకుంటారు కానీ పుట్టింది ఫిన్లాండ్‌లో, సముద్రం పక్క పల్లెలో. ఇంటి భాష మాత్రం స్వీడిష్.

"తమిళనాడు హోసూరులో ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడుకునే వాళ్ళు లేరా అండీ? మేమూ అంతే" అనేవారు.

మొదట మామూలు డాక్టరే. చిన్న వయసులో, పొలంలో పురుగుమందు కొట్టి వచ్చిన ఒకతను ఆవిడ కళ్ళ ముందే పోయాడట. ఆ ప్రాణం ఎలా పోయిందో తేల్చుకోవాలని మళ్ళీ చదువుకి వెళ్ళి బయోకెమిస్ట్ అయ్యారు. రక్తంలో ఉండే ఒకే ఒక్క ఎంజైమ్ మీద సగం జీవితం పెట్టారు. బిగిసిన కండ మళ్ళీ వదలాలంటే ఆ ఎంజైమ్ కావాలి. పురుగుమందు దాన్నే దెబ్బ తీస్తుంది.

ల్యాబ్‌లో కూర్చుంటే సరిపోదనిపించిందట. మందు కొట్టే మనుషులు ఉన్న చోటికే వచ్చేశారు. అలా మన మామిడి తోటల్లోకి. ఆవిడ దగ్గర నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని.

పూత సీజన్లో మందు కొట్టే వాళ్ళందరికీ రక్తం టెస్ట్ చేసేవాళ్ళం. ఎంజైమ్ తక్కువుంటే, మళ్ళీ పెరిగే దాకా మందు జోలికి వెళ్ళకూడదు.

వింటారా? పూత మీద పురుగు ఆగదు. తోట గుత్తకి తీసుకున్నాయన ఆగడు. కూలి పోతుందని మా వాళ్ళూ ఆగరు.

అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టారు. రక్తం బాగా లేని మనిషి తన స్ప్రేయర్ ట్యాంకు మూత తెచ్చి ఇవ్వాలి. మూత సొరుగులో ఉంటుంది. సొరుగు తాళం ఆవిడ మెడలో ఉంటుంది.

"శ్రీను గారూ, మీ మూత ఇలా ఇవ్వండి."

శ్రీను మా తమ్ముడు. వాడిని గారు అని పిలిచింది ఈ భూమ్మీద ఆవిడ ఒక్కరే. సిగ్గుపడిపోయి ఇచ్చేసేవాడు.

పోయినేడు పూతప్పుడు కూడా ఇలాగే ఇచ్చి వెళ్ళాడు. వెళ్ళి ఏం చేశాడో తెలుసా? ట్యాంకు మూతికి క్యారీబ్యాగ్ వేసి, రబ్బరు బ్యాండు చుట్టి, వీపుకి తగిలించుకుని మందు కొట్టాడు. కొమ్మ కింద వంగినప్పుడల్లా మందు వీపు మీదకి కారింది. ఎండకి అదే ఆరిపోతుందిలే అని తడిసిన చొక్కా కూడా విప్పలేదు.

మధ్యాహ్నం ఆటోలో తెచ్చి పడుకోబెట్టారు. నోట్లోంచి చొంగ. ఒళ్ళంతా చెమట. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

ఆవిడ చొక్కా కత్తిరించి పడేశారు. వీపంతా సబ్బుతో కడిగారు. ఇంజెక్షన్ చేస్తూ, కంటిపాప చూస్తూ, మళ్ళీ చేస్తూ, వాడి పక్కనుంచి కదల్లేదు.

తేరుకున్నాక మావాడు అడిగిన మొదటి మాట, "రేపు తోటకి వెళ్ళొచ్చా అండీ?"

"మీరు లేచారు. మీ రక్తం ఇంకా లేవలేదండీ."

ఆ రోజు నేను అడిగాను, మీకు భయం వెయ్యదా మేడమ్ అని.

"రోజూ వేస్తుందండీ. అందుకే తాళం వేస్తాను."

ఇవాళ పొద్దున క్లినిక్‌కి వెళ్ళేసరికి మెట్ల మీద శ్రీను ఉన్నాడు. పక్కన తోట గుత్తకి తీసుకున్న షావుకారు గారు, చేతిలో పూలదండ. మేడమ్ కోసమే తెచ్చారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అబద్ధం చెప్పను.

"మేడమే పోయారు కదమ్మా. పూత మాడిపోతోంది. వీడి మూత ఇచ్చెయ్యి."

వీడి రక్తం బాగా లేదని మేడమ్ మొన్ననే మూత తీసుకున్నారు. తాళం నిన్న ఇంటి ఓనర్ ఆంటీ మేడమ్ మెడలోంచి తీసి నా చేతిలో పెట్టారు.

"ఇవ్వనండీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను.

ఆయన దండ మెట్ల మీద పెట్టి బండి తీసుకుని వెళ్ళిపోయారు.

అప్పుడు చూశాను. మా తమ్ముడి చొక్కా జేబులో మడత పెట్టిన క్యారీబ్యాగ్.

అరవలేదు, ఏడవలేదు. కుర్చీ లాగి, "శ్రీను గారూ, కూర్చోండి" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

వాడు నా మొహం చూశాడు. లోపలికొచ్చి కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

టెస్ట్ చేశాను. ఇంకా తక్కువే ఉంది. చెప్పాను.

"ఇంక మాకెవరు చెప్తారక్కా?" అని అడిగాడు. జేబులోంచి ఆ క్యారీబ్యాగ్ తీసి టేబుల్ మీద పెట్టి బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

ఇది టైప్ చేస్తూ మధ్య మధ్యలో తలెత్తి చూస్తున్నాను. ఇంకా అక్కడే ఉన్నాడు. సొరుగులో ఉన్నది వీడి మూత ఒక్కటే కాదు. మిగతా వాళ్ళూ వస్తారు. ఒక్కొక్కరికీ నేనే చెప్పాలి.

గున్నమ్మ గారూ, తాళం ఇప్పుడు నా మెడలో ఉంది. చాలా భయంగా ఉంది.

మీ వంతు భయం అయిపోయిందండీ. ఇంక హాయిగా పడుకోండి.