బతికున్న రొయ్యల బిందె

బహ్రెయిన్‌లో ఉన్నన్నాళ్ళూ నేను చాలా వాదనలు గెలిచాను. ఓడినవీ రెండో మూడో ఉంటాయి గానీ అవి నాకు గుర్తు లేవు. గెలిచినవాటిలో, ఇప్పటికీ కూరగాయలు తరుగుతూ తరుగుతూ నాలో నేనే నవ్వుకునేది మాత్రం రొయ్యల వాదన.

తొంభైల మధ్యలో మాట. గుదైబియాలో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో మాకొక గది ఉండేది. మా ఆయన గ్యారేజీలో మెకానిక్కు. నేను బీయస్సీ జువాలజీ చదువుకుని, ఒక అరబ్బు ఇంట్లో వారానికి ఆరు రోజులు పిల్లల ముక్కులు తుడిచి, తెల్లటి పొడుగు చొక్కాలు ఇస్త్రీ చేసేదాన్ని. నాకంటూ మిగిలేది శుక్రవారం ఒక్కటే. ఆ శుక్రవారం మధ్యాహ్నం మా ఆయనా, ఆయన స్నేహితుడూ గాలాలు పట్టుకుని సిత్రా వంతెన దగ్గర రాళ్ళ మీదికి పోయేవాళ్ళు. ఆ స్నేహితుడు నిజామాబాద్ వైపు మనిషి, తాపీమేస్త్రి. నేను ఇంట్లో కూర్చుని మసాలా నూరాలి. చేపలు తెస్తే పులుసు పెట్టాలి. తేకపోతే కోడి వండి, తప్పించుకుపోయిన చేప ఎంత పొడుగుందో వినాలి.

"ఈసారి నేనూ వస్తాను" అన్నాను ఒకరోజు.

"ఆడాళ్ళు గాలం పట్టుకుంటే చేపలు పడవే" అన్నారు మా ఆయన.

"గాలానికి అవతల చీరుందో లుంగీ ఉందో చేపకెలా తెలుస్తుందండీ? నీళ్ళలోంచి మెడ చాపి చూస్తుందా?"

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆయన వాదించే పద్ధతే అది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇద్దరికీ కొత్త పిచ్చి పట్టుకుంది. చచ్చిన రొయ్య గుచ్చితే పీతలు తప్ప ఏమీ రావనీ, పెద్ద హమూర్ చేప పడాలంటే ఎర బతికి కొట్టుకుంటూ ఉండాలనీ ఎవరో చెప్పారు. ఓవర్‌టైం లేని ఒక శుక్రవారం, ముహర్రక్ ఒడ్డున తెల్లవారుజామున పడవలు దిగేచోట ఒక ముసలి అరబ్బు దగ్గర బతికున్న రొయ్యలు కొని, ఖాళీ పెయింటు డబ్బాలో పోసి, గ్యారేజీ పికప్‌లో కాళ్ళ దగ్గర పెట్టుకుని బయల్దేరారు. మొదటి మలుపులోనే డబ్బా దొర్లింది. తర్వాతి కథ మేస్త్రి మా వంటగదిలో ఆడి చూపించాడు.

"ఏం జెప్పాలె వదినె! అన్న బండి తిప్పిండు, డబ్బ బోర్ల పడ్డది. ఒక రొయ్య సీద నా ప్యాంట్ల సొచ్చింది. సిగ్నల్ కాడ నేను ఎగురుతున్న, పక్క కారోడు జూస్తున్నడు, అన్న నవ్వుతున్నడు!"

"ఆ రొయ్యనైనా గాలానికి గుచ్చారా?"

"యాడిది వదినె, గది ఖలాస్!"

నేను నడుముకి కొంగు దోపుకున్నాను. "బతికున్న రొయ్యల్ని ఆ రాళ్ళ దాకా నేను తెస్తాను. చుక్క నీరు ఒలకదు. తెస్తే నాకో గాలం ఇవ్వాలి, ఆ పూట నుంచి శుక్రవారం వంట మీరిద్దరూ చెయ్యాలి."

"తేలేకపోతే?" అన్నారు మా ఆయన.

"వస్తానని మళ్ళీ అడగను."

"వదినె అడుగకుంట ఉంటదా? గది అయ్యే పనేనా?" అన్నాడు మేస్త్రి. అయినా తీర్పరిగా ఉండటానికి ఒప్పుకున్నాడు. సగం కంటే ఎక్కువ బతికుంటే నా గెలుపు.

నీళ్ళు ఒలకడం నాకు లెక్కే కాదు. వెడల్పు మూతి డబ్బాలో నీళ్ళు తొణక్క ఏం చేస్తాయి? మూతి సన్నగా ఉన్న స్టీలు బిందె తీశాను. నేను పనిచేసే ఇంటి పెరట్లో బాదం చెట్టుంది. నాలుగు పెద్ద ఆకులు కోసుకొచ్చి నీళ్ళ మీద పరిచాను. చెరువు నుంచి బిందె మోసుకొచ్చే ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది, నీళ్ళ మీద ఆకు వేస్తే నడకకి తొణకవని. రొయ్యలు ఎగిరినా ఆకుకి తగిలి మళ్ళీ లోపలే పడతాయి.

చిక్కల్లా ఎండతోనే వచ్చింది. రొయ్యలు దొరికేది తెల్లవారుజామున. మా ఆయనకి మళ్ళీ మొదలైన శుక్రవారం ఓవర్‌టైం ముగిసేది మధ్యాహ్నం. ఈలోగా బిందె మా బాత్‌రూంలో ఉడికిపోతుంది. అప్పుడు మా తమ్ముడు గుర్తొచ్చాడు. వాడు భీమవరం వైపు చెరువులకి రొయ్య పిల్లల్ని చేరవేసే వ్యాన్ మీద పనిచేసేవాడు. ఐసు పెట్టి తీసుకెళ్తే ఎంత దూరమైనా బతుకుతాయక్కా అనేవాడు. ఇంకేం? శుక్రవారం తెల్లారగానే మా ఆయన రొయ్యలు తెచ్చిచ్చి పనికి పోయారు, నేను ఫ్రిజ్‌లో ఉన్న ఐసంతా తెచ్చి బిందెలో గుమ్మరించాను. మధ్యాహ్నానికి ఆకులు తీసి చూస్తే ఒక్కటి కదిలితే ఒట్టు.

జువాలజీ చదివినదాన్ని! అక్కడ కొళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయని క్యానుల్లో మంచినీళ్ళు కొనుక్కునేవాళ్ళం. ఐసు పోసింది ఆ మంచినీళ్ళతోనే. అది కరిగి ఉప్పునీళ్ళు చప్పబడ్డాయి, సముద్రపు రొయ్యలు చచ్చాయి. మా తమ్ముడు రొయ్య పిల్లల్ని నీళ్ళతో ఉంచే సంచి వేరు, ఐసు సంచి వేరు. నేను ఐసుని గుర్తుపెట్టుకుని సంచిని మర్చిపోయాను.

ఆ రొయ్యలు వేపుడు చేశాను. బ్రహ్మాండంగా కుదిరింది. అదింకో అవమానం.

"పందెం అయిపోయింది కదా" అన్నారు మా ఆయన, మూడోసారి వడ్డించుకుంటూ.

"ఎలా అయిపోతుంది? రాళ్ళ దాకా తెస్తానన్నాను. ఇవి గది గడపే దాటలేదు. పరీక్ష హాల్లోకే వెళ్ళనిదాన్ని ఫెయిలంటారా?"

మేస్త్రి కాసేపు వేళ్ళు నాకుతూ ఆలోచించాడు. "వదినె చెప్పిందే కరెక్టున్నది అన్నా."

వేపుడు బాగా కుదరడం అలా ఉపయోగపడింది.

తర్వాతి శుక్రవారం బిందెని ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి, ఐసు బయట చుట్టూ పేర్చి, తడి గోనెసంచి కప్పాను. పాలు తోడుపెట్టేముందు వేడి చూసినట్టు గంటకోసారి వేలు ముంచి చూసేదాన్ని. ఎక్కువ చల్లబడితే ఐసు తీసేయడం, వెచ్చబడితే వెయ్యడం. గాలి ఆడటానికి సైకిలు పంపుకి రబ్బరు గొట్టం తగిలించి బుడగలు కొట్టించాను. బండిలో మా ఆయన స్టీరింగు దగ్గర, నేను ఇటు చివర, మధ్యలో మేస్త్రి. టబ్బు వాడి మోకాళ్ళ మధ్య, పంపు వాడి చేతుల్లో.

"కొట్టు తమ్ముడూ, ఆపకు!"

"గల్ఫుకు వచ్చి రొయ్యలకు గాలి కొడుతున్నా వదినె! ఇంట్ల ఎరుకైతే నా ఇజ్జత్ పోతది!"

ప్రతి మలుపులో ముగ్గురం ఊపిరి బిగబట్టాం. చుక్క ఒలకలేదు. నేను గర్వంగా కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నాను. అదే పొరపాటు. దారిలో మేస్త్రి నాకు మేలు చేద్దామని, మిగిలిన ఐసంతా టబ్బులో బిందె చుట్టూ మెడ దాకా నింపేశాడు.

రాళ్ళ దగ్గర ఆకులు తీసి చూశాం. రొయ్యలన్నీ అడుగున పుల్లల్లా బిగుసుకుపోయి ఉన్నాయి.

"మళ్ళీ వేపుడే!" అన్నారు మా ఆయన. ముఖంలో ఎంత సంతోషమో!

"నోరు ముయ్యండి. చచ్చిన రొయ్య తెల్లగా పాలిపోతుంది. ఇవి అద్దంలా ఉన్నాయి. చలికి మొద్దుబారాయంతే."

"చలికా? బహ్రెయిన్‌లోనా?"

నేను జవాబు చెప్పలేదు. జీవితంలో మొదటిసారి. చీర మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని రాళ్ళు దిగాను. సముద్రపు నీళ్ళు మగ్గుతో తెచ్చి కొంచెం కొంచెంగా పోశాను. ఒక మగ్గు. కాసేపాగి ఇంకో మగ్గు. ఇవి లేవకపోతే నా శుక్రవారాలన్నీ ఆ వంటగదిలోనే.

అయిదో మగ్గుకి ఒక మీసం కదిలింది.

"అన్నా, మీసం!" అని కేక పెట్టాడు మేస్త్రి. ఇంకొకటి కాళ్ళు ఆడించింది. అంతలో ఒక రొయ్య బిందెలోంచి చెంగున ఎగిరి, వంగి చూస్తున్న మా ఆయన ముక్కుకి టప్పున తగిలి మళ్ళీ నీళ్ళలో పడింది. నేను నవ్వలేక రాయి మీద చతికిలబడ్డాను. మేస్త్రి మగ్గులోకి తీసి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఇరవై ఆరింటిలో ఇరవై రెండు బతికాయి.

"తీర్పు అయిపోయింది. అన్నా, గాలం ఇయ్యి."

మా ఆయన ముక్కు తుడుచుకుంటూ ఇచ్చారు.

పొద్దు వాలేదాకా నా గాలానికి పడింది ఒకే ఒక్క చేప, గుచ్చిన రొయ్య కంటే రెండు వేళ్ళు పొడుగు. దాన్ని నేను పట్టుకున్న తీరు చూస్తే తిమింగలం అనుకోవాలి. మా ఆయనకి రెండు మంచి చేపలు పడ్డాయి. ఎండ తగ్గి గాలి చల్లబడింది. ఆయన సంచి సర్దుకుని లేచారు.

"పదవే, పోయి వండుకోవాలి."

"మీరు వండుకోవాలి. వెళ్ళండి. నా ఎర ఇంకా బతికే ఉంది."

ఇద్దరూ బండి దాకా వెళ్ళారు. మళ్ళీ మా ఆయన ఒక్కరే వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"పులుసులోకి చింతపండు ఎంత వెయ్యాలే?"

"మాట్లాడకండి," అన్నాను దారం మీంచి చూపు తిప్పకుండా, "చేపలు బెదురుతాయి."